ఎలుగుబంటిని బాగుచేసిన సంఘం

ఒక పెద్ద అడవిలో తాగుబోతు ఒక్కడే ఉండేవాడు. కనీసం అడవి అంతా అలాగే నమ్మేది. అతని పేరు గొంగడయ్య, ఎలుగుబంటి.

ఎండలు మొదలయ్యే రోజుల్లో ఇప్పపూలు తెల్లవారుజామున టపటపా రాలతాయి. రాలినవి రాతిగుంటల్లో పడి, నాని, పులిసి, దారిన పోయేవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాయి. మిగతావాళ్ళు వినీ విననట్టు పోతారు. గొంగడయ్య మాత్రం వెళ్ళి కూర్చునేవాడు. గుంట అడుగు కనబడేదాకా లేచేవాడు కాదు. తాగి ఊరుకుంటాడా అంటే, పాడతాడు. పాడి పాడి దారికి అడ్డంగా పడుకుంటాడు. నీళ్ళకు పోయే జింకలు పిల్లల్ని వెంటేసుకుని చుట్టు తిరిగి పోవాలి. పూల కాలం అయిపోయినా ఊరుకోడు, ఎండినవి ఏరుకొచ్చి నానబెట్టుకుంటాడు. ఇంత గోల చేసే అలవాటు నలుగురి నోళ్ళలో పడకుండా ఎలా ఉంటుంది?

మరి మిగతా జంతువులకు అలవాట్లు లేవా అంటే, లేకేం. కాకపోతే అవి చప్పుడు చేయవు. పైగా వాటికి మంచి పేర్లున్నాయి.

కొండముచ్చు లాంగూలరావుగారు అడవి పెద్దల సభకు అధ్యక్షుడు. పొద్దున్నే ఎక్కడో ఒకచోట సభ జరగాలి, మెడలో దండ పడాలి, ఆయన మాట్లాడాలి. సభ లేని రోజు తిన్న పండు అరగదు. ఒక ఏడాది వానలు విడవకుండా పట్టుకుని సభలు ఆగిపోతే, పాపం, చెదపుట్ట ముందు నిలబడి "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టారు. చెదలు కూడా కాసేపు విని లోపలికి పోయాయి. దీన్ని ప్రజాసేవ అంటారు.

నక్క పాపయ్య సభకు కార్యదర్శి. అతనికి పందెం కట్టందే పూట గడవదు. ఏ ఆకు ముందు రాలుతుంది, ఏ కప్ప ముందు దూకుతుంది, దేని మీదైనా సరే. పిల్లల కోసం దాచిన మాంసం తునకను, తూనీగ ఏ రెల్లుపుల్ల మీద వాలుతుందన్న దాని మీద ఒడ్డి పోగొట్టుకున్నాడు. అడిగితే బుర్రకు పదును పెట్టుకుంటున్నానంటాడు.

నెమలి శిఖామణి మడుగు ఒడ్డు వదలడు. నీళ్ళలో తనను తాను చూసుకోవడం, దారిన పోయేవాళ్ళు తనను చూశారో లేదో చూసుకోవడం, ఇదే పని. "ఇప్పుడు ఇటు చూశావుగా? మరి అంతలోనే తల తిప్పుకున్నావేం? ఆ కుందేలు అసలు చూడలేదు, నామీద ఏమైనా కోపమా?" అని వేధిస్తాడు. తిండి మానేసి చిక్కిపోయాడు. ఇది కళారాధన.

ఉడుత చారమ్మ గింజలు దాస్తుంది. నిండిన తొర్రలు నిండినట్టే ఉన్నాయి, అయినా ఇంకా తెస్తుంది. ఎక్కడ దాచిందో ఆమెకే గుర్తుండదు. గింజ చేతిలో పడ్డ క్షణం ప్రాణం హాయిగా ఉంటుంది, దాచేశాక మళ్ళీ వెలితి. పిల్లలు ఆకలంటే "అవి దాచినవి, ముట్టకండి" అంటుంది. దీనికి అడవి పెట్టిన పేరు ముందుచూపు.

గొంగడయ్యది మాత్రం వ్యసనం.

అతనికి ఆ పేరు మీద కోపమేమీ లేదు. నిజమేనని ఒప్పుకునేవాడు. ఒప్పుకోవడానికి కారణం ఉంది.

నిరుడు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, వేటగాళ్ళు తవ్విన గోతిలో అతని పెళ్ళాం రేలమ్మ పడింది. "ఏమయ్యా! ఓ గొంగడయ్యా!" అని గొంతు పోయేలా అరిచింది. గొంగడయ్య దూరాన లేడు. పిలిస్తే పలికేంత దగ్గర్లో, ఇప్పచెట్టుకు ఆనుకుని ఉన్నాడు. ఆ కేకలు అతని చెవికి పాటలా వినిపించాయి. బాగుందనుకుని తనూ గొంతు కలిపాడు. ఆమె పిలిచినప్పుడల్లా ఇతను వంత పాడాడు.

పొద్దు వాలుతుండగా రేలమ్మ ఎలాగో గోతి గోడలు గీరుకుంటూ పైకి వచ్చింది. ముందుకాలి గోళ్ళు ఊడిపోయాయి. వచ్చి తిట్టలేదు, కొట్టలేదు. అతని మత్తు దిగేదాకా ఎదురుగా కూర్చుంది.

"వచ్చే ఏడు ఇప్పపూలు రాలడం మొదలయ్యాక చివరి పువ్వు రాలేదాకా నోట పెట్టకుండా ఉండు. చివరి పువ్వు రాలిన రోజు నేను కొండ దిగి వస్తా. వచ్చి నీ నోరు వాసన చూస్తా. వాసన ఉందా, వచ్చిన దారినే పోతా. మళ్ళీ రాను."

అని చెప్పి, కుంటుకుంటూ కొండెక్కింది. ఆ కుంటడం చూస్తుంటే గొంగడయ్యకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

మళ్ళీ పూల కాలం దగ్గరపడింది. కొమ్మల చివర మొగ్గలు కనబడగానే గొంగడయ్య కాళ్ళు అటే లాగాయి. సిగ్గు విడిచి పెద్దల సభకు వెళ్ళి, సభాబండ కింద నిలబడి తన సంగతంతా చెప్పుకున్నాడు.

లాంగూలరావుగారి కళ్ళు మెరిశాయి. "గొంగడయ్యా, నీ బాధ మా బాధ. దీనికి ఒక సంఘం కావాలి."

"సంఘం ఎందుకండీ అంత పెద్దమాట. తెల్లవారుజామున ఎవరైనా నాకు తోడు కూర్చుంటే చాలు. ఆ వేళకే పూలు రాలతాయి, నా కాళ్ళు వాటంతటవే అటు పోతాయి. పొద్దెక్కేదాకా పక్కన ఎవరైనా ఉండి నాలుగు కబుర్లు చెబితే ఆ గండం గడుస్తుంది."

"తెల్లవారుజామునా?" నెమలి శిఖామణి ఆవులించాడు. "ఆ చీకట్లో నన్నెవరు చూస్తారు?"

"ఆ వేళ ఎవరు లేస్తారయ్యా!" అన్నారు లాంగూలరావుగారు. "సంఘమైతే సాయంత్రం చల్లపూట పెట్టుకోవచ్చు."

అలా వ్యసన విముక్తి సంఘం పుట్టింది. లాంగూలరావుగారు అధ్యక్షుడు. పాపయ్య కార్యదర్శి. ప్రారంభ నృత్యం శిఖామణిది. చారమ్మకు ముఖ్యమైన బాధ్యత అప్పగించారు: రాలిన ఇప్పపూలన్నీ ఎవరికీ దొరక్కుండా పోగుచేసి దాచాలి. ఆ మాట వినగానే చారమ్మకు ఆనందంతో తోక నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తనకోసం దాచింది, ఇప్పుడు అడవి కోసం దాచవచ్చు.

ఆ అడవిలో తాతల నాటి నుంచి ఒక ఆచారం ఉంది. సభలో నిలబడి తన తప్పు తాను ఒప్పుకున్నవాడికి అందరూ కాళ్ళతో నేల దంచి మెచ్చుకోవాలి. దాన్ని నేలదంపు అంటారు. అది ఉపన్యాసానికి ఉండదు, సన్మానానికి ఉండదు, తప్పు ఒప్పుకున్నవాడికే. మెడ నిండా దండలు మోసిన లాంగూలరావుగారికి పుట్టి బుద్ధెరిగాక ఒక్క నేలదంపు కూడా దక్కలేదు. ఒప్పుకోవడానికి ఆయనలో తప్పుంటేగా!

మొదటి సభలో గొంగడయ్య గోతి కథ చెప్పాడు. కుందేళ్ళు వెక్కివెక్కి ఏడ్చాయి. ఏనుగు నేల దంచితే సభాబండ కదిలింది.

"బాగా చెప్పావు. మరి ఆ నీళ్ళు ఎలా ఉంటాయి? పుల్లగానా, తియ్యగానా?" అని పాపయ్య ముందుకు జరిగాడు.

"ముందు తీపి, వెనక పులుపు. గొంతు దిగాక వెచ్చగా..." గొంగడయ్య నోట్లో నీళ్ళూరాయి. "అది వద్దులెండి."

"వద్దంటే ఎలా? మాకు అర్థం కావద్దూ! వాసన ఎలా ఉంటుందో వివరంగా చెప్పు."

చెప్పాడు. సభ ముగిసింది. సభకు వచ్చేటప్పుడు గుర్తులేని వాసన, తిరిగి వెళ్ళేటప్పుడు ముక్కుకు అంటుకుని ఉంది. ఆ తెల్లవారుజామున పూలు రాలే చప్పుడు వినబడగానే కాళ్ళు కదిలాయి. చారమ్మ ఎంత ఊడ్చినా అప్పుడప్పుడే రాలే పూలను ఎవరాపగలరు? గొంగడయ్య ఏడుస్తూ పరుగెత్తి ఏట్లో దూకాడు. పీకల్లోతు చల్లటి నీళ్ళలో, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, ఎండ వీపు మీద పడేదాకా నిలబడ్డాడు. ఒడ్డుకు వచ్చేసరికి ఆ గండం దాటిపోయి ఉంది.

మర్నాడూ అదే చేశాడు. ఆ మర్నాడూ అంతే. ఒక్కోసారి నీళ్ళలో నిలబడి రేలమ్మతో మాట్లాడుతున్నట్టు తనలో తాను మాట్లాడుకునేవాడు. తోడు ఎవరూ రాలేదు. సంఘానికి సాయంత్రమే కుదురుతుంది.

సంఘం మాత్రం మంచి ఊపు మీద ఉంది. మొదట వారానికొక సభ అనుకున్నారు. అది చాల్లేదు, వారంలో రెండు చేశారు. అదీ చాల్లేదు, రోజూ రెండుపూటలా పెట్టారు. తరవాత ఉదయం సభకు ముందు సన్నాహక సభ, సాయంత్రం సభకు తరవాత సమీక్ష సభ వచ్చాయి. లాంగూలరావుగారు దండల మధ్య ముఖం కనబడకుండా తిరిగేవారు. "ఇవాళ తాగుతాడా, తాగడా" అని పాపయ్య రోజూ పందెం కట్టేవాడు. ప్రారంభ నృత్యానికి అన్ని కళ్ళు తనమీదే ఉండేసరికి శిఖామణి మడుగును కూడా మరిచిపోయాడు. చారమ్మ పెద్ద మద్దిచెట్టు తొర్రనిండా పూలు కుక్కింది.

చిక్కల్లా గొంగడయ్యతో వచ్చింది. అతను బాగుపడడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం సభలో లేచి, "నిన్న తాగలేదు. ఇవాళా తాగలేదు. కడుపునిండా చెదపురుగులు తిన్నాను, హాయిగా నిద్రపోయాను. చెప్పడానికేం లేదండీ" అని కూర్చున్నాడు.

సభ చప్పబడిపోయింది. కుందేళ్ళు ఏడవడానికి సిద్ధమై వచ్చి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాయి. తప్పు లేనివాడికి నేలదంపు ఎలా వేస్తారు?

"కనీసం తాగాలని అనిపించిందా?" అని లాంగూలరావుగారు ఆశగా అడిగారు.

"ఒకింత. ఏట్లో దిగితే పోయింది."

ఆ మరుసటి సాయంత్రం జనం సగమే వచ్చారు. ఆపైన ఏనుగు ఒక్కడే వచ్చాడు, అదీ దారి తప్పి. సభలు ఆగిపోయాయి. అప్పుడు చూడాలి సంఘం పెద్దల అవస్థ! లాంగూలరావుగారి చేతులకు వణుకు పట్టుకుంది. ఎండిపోయిన పాత దండలు తీసి రహస్యంగా వాసన చూసుకునేవారు. భార్య పండు వలిచిపెడితే విసిరికొట్టారు. పాపయ్యకు కాలు ఒకచోట నిలవడం లేదు, కనబడినవాళ్ళ మీదల్లా విసుక్కుంటున్నాడు. శిఖామణి ఈకలు రాలిపోతున్నాయి. "నాకేమీ కాలేదు, కావాలనుకుంటే ఈ సభలన్నీ ఇప్పుడే మానేయగలను" అని లాంగూలరావుగారు దారిన పోయే తాబేలును ఆపి మరీ చెప్పారు. తాబేలు ఆయనను ఏమీ అడగలేదు.

అదే సమయంలో పొరుగు అడవి నుంచి కబురొచ్చింది. 'మీ సంఘం గురించి గొప్పగా విన్నాం. చివరి ఇప్పపువ్వు రాలే రోజున మహాసభ పెడితే అందరం వస్తాం.'

పెద్దలు నలుగురూ మడుగు దగ్గర కూడారు.

"రావడానికి వాళ్ళొస్తారు. చూపించడానికి మనకేముంది? బాగుపడ్డ ఎలుగుబంటి! అందులో చూసేదేముంది?" అన్నాడు పాపయ్య.

"వాడు ఒక్కసారి పడితే..." లాంగూలరావుగారు గొంతు తగ్గించారు. "మన చేతుల్లో మళ్ళీ లేస్తాడు. అడవికి ఎంత స్ఫూర్తి! ప్రజల కోసమే చెబుతున్నాను."

"పడేయాలంటే సరుకు కావాలి" అని పాపయ్య చారమ్మ వైపు చూశాడు. మద్దితొర్రలో మంచు దిగి, అడుగున ఉన్న పూలు ఎప్పుడో పులిశాయి. ఆ వాసన అందరికీ తెలుసు.

చారమ్మ వెనక్కి గెంతింది. "నా పూలా? అవి దాచినవి!"

"అయ్యో, సొరబుర్రెడు చాలమ్మా. తేనెలో కలిపి సన్మానంలో ఇద్దాం. సన్మానం తేనె సభ ముందు చివరి చుక్కదాకా తాగాలిగా మరి."

"పాపం వాడి పెళ్ళాం ఆ రోజే దిగొస్తుందట కదా?" అంది చారమ్మ మెల్లగా.

శిఖామణి మడుగులోకి చూసుకున్నాడు.

"ఒక్కసారే చారమ్మా" అన్నారు లాంగూలరావుగారు. ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. "ఈ మహాసభ ఒక్కటి గడిస్తే మళ్ళీ అడగను. ఒట్టు."

ఈ మాట గొంగడయ్య పూర్వం ఎన్నిసార్లు అన్నాడో ఇప్పచెట్లను అడగాలి.

మహాసభ రోజు తెల్లవారింది. ఇప్పకొమ్మల మీద ఆఖరి పూలు ఒకటీ అరా మిగిలాయి. గొంగడయ్య ఏట్లో ఒళ్ళు తోముకుని, కొండదారి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో పాపయ్య వచ్చాడు.

"పదవయ్యా, నీకు సన్మానం!"

"ఇవాళ నన్ను వదిలేయండి పాపయ్యగారూ. రేలమ్మ వస్తుంది."

"ఇంకా మంచిది. ఆవిడ కళ్ళ ముందే నీకు దండ పడుతుంది. వద్దంటావా?"

గొంగడయ్యకు రేలమ్మ తనను దండతో చూడాలన్న ఆశ కలిగింది. వెంట నడిచాడు.

సభాబండ చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. శిఖామణి ఆడాడు. లాంగూలరావుగారు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడారు. ఆ తరవాత గొంగడయ్య మెడలో దండ వేసి, సొరబుర్ర చేతికిచ్చారు.

"సోదర సోదరీమణులారా! మన గొంగడయ్య ఇప్పుడు ఈ తేనె స్వీకరిస్తాడు."

గొంగడయ్య బుర్రను మూతి దగ్గరికి తెచ్చుకున్నాడు. వాసన తగిలింది. ముందు తీపి, వెనక పులుపు. ఒళ్ళంతా ఒక్కసారి ఝల్లుమంది. ఇన్నాళ్ళూ ఏట్లో నిలబడి గెలిచినవాడు, ఏరు పక్కన లేనిచోట దొరికిపోయాడు. తల ఎత్తితే జనం వెనకాల, కొండదారి మొదట్లో, రేలమ్మ కనబడింది. ముందుకాలు కాస్త ఎత్తిపెట్టి నిలబడి ఉంది. ముక్కు గాలిలోకి చాపి వాసన పడుతోంది.

తాగితే ఆమె పోతుంది. బుర్ర దించుదామంటే చేతులు దించనివ్వడం లేదు. పాపయ్య కళ్ళు అతని పెదవుల మీదే ఉన్నాయి.

గొంగడయ్యకు ఇక ఏం చేయాలో తోచలేదు. ఆ బండ మీద అతనికి బాగా అలవాటైన పని ఒక్కటే. ఉన్నదున్నట్టు చెప్పడం.

"ఇది ఒట్టి తేనె కాదండీ. ఇందులో ఇప్పపూలున్నాయి" అన్నాడు. "నాకు తాగాలని ఉంది. చాలా ఉంది. రేలమ్మా, నువ్వక్కడున్నావని తెలిసినా ఉంది."

రేలమ్మ కదల్లేదు.

"ఇది ఎలా ఉంటుందని మీరంతా రోజూ అడిగేవారు. రుచి చెప్పాను గానీ అసలు సంగతి చెప్పలేదు. మొదట ఒక బుక్కెడు చాలు. తరవాత ఆ బుక్కెడు చాలదు. తరవాత అది లేకపోతే చేతులు వణుకుతాయి, ఇంట్లోవాళ్ళ మీద కోపం వస్తుంది. దానికోసం అబద్ధం చెబుతాం. చెప్పామని సిగ్గేస్తుంది. ఆ సిగ్గు మరవడానికి మళ్ళీ అదే కావాలి. సుఖం అంటారా, సుఖం ఎప్పుడో పోయింది. లేకపోతే పడే బాధ పోవడానికే తాగుతాం. కావాలంటే ఈ క్షణం మానేస్తానంటాం, ఆ క్షణం రాదు. ఇంట్లోవాళ్ళు గోతిలోంచి పిలుస్తూ ఉంటారు. మనకు పాటలా వినబడుతుంది."

జనంలోంచి ఒక సన్నటి ఏడుపు లేచింది.

"అది నా కథే!" చారమ్మ బండ మీదికి దూకింది. "నా పిల్లలు ఆకలని ఏడుస్తుంటే నేను గింజలు దాచాను. ఎక్కడ దాచానో కూడా తెలీదు. చేతిలో పడితేనే హాయి, తరవాత మళ్ళీ వెలితి. ఆ బుర్రలో ఉన్న పూలు నావే. ఇమ్మంటే ఇచ్చాను!"

ఏనుగు మొదలుపెట్టాడు. వెంటనే సభ సభంతా నేల దంచింది. అలాంటి నేలదంపు అడవిలో ఎన్నడూ లేదు.

"ఆగండి! ముందు వాణ్ణి తాగనివ్వండి!" అని పాపయ్య గావుకేక పెట్టాడు. "పొరుగు అడవి తోడేలుతో పందెం కట్టాను! మా బొరియ ఒడ్డాను!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. మొదటి వరసలో పాపయ్య పెళ్ళాం పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. పాపయ్య ఆమెను చూశాడు. "ఇంతకు ముందు పిల్లల తునకలు కూడా ఇలాగే..." అని ముఖం కప్పుకున్నాడు. జనం అతనికీ నేల దంచారు, కాస్త మెల్లగా.

చూపులన్నీ చారమ్మ మీద, పాపయ్య మీద ఉండడం శిఖామణి భరించలేకపోయాడు. పింఛం విప్పి మధ్యలోకి వచ్చి, "నేనూ రోగినే! నా కథ వీళ్ళ కథకంటే అందంగా ఉంటుంది!" అని అరిచాడు. అతనికీ దంచారు.

ఇక లాంగూలరావుగారి సంగతి చెప్పాలా? తనకు జన్మలో దక్కని నేలదంపు ఒక ఉడుతకు, ఒక నక్కకు, ఒక నెమలికి వరసబెట్టి దక్కుతోంది. ఆ చప్పుడుకు ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి, నోరెండిపోయింది. నోరు మూసుకుని ఉంటే పరువు దక్కేది. ఆ మాట ఆయనకు తెలియక కాదు. ఆగలేకపోయారంతే.

"ఇవన్నీ ఏం తప్పులు!" అని ఒక్క గెంతు గెంతారు. "ఈ పన్నాగం నాది! ఎలుగుబంటిని మళ్ళీ పడేయాలని అన్నది నేను! వాడు బాగుపడితే నాకు సభలుండవు! ఎండిన దండలు వాసన చూసుకుని బతుకుతున్నాను! చెదపుట్టకు ఉపన్యాసం ఇచ్చాను! నాకంటే పెద్ద తప్పు చేసినవాడు ఈ అడవిలో ఎవడైనా ఉంటే రమ్మనండి!"

సభ దద్దరిల్లింది. దంచిన దంపుకు గొంగడయ్య చేతిలోని సొరబుర్ర జారి, బండ మీద భళ్ళున పగిలింది. సరుకంతా వాలుకు పారింది. కింద పోతున్న చీమలబారు ఆ తడిలో దిగి, కాసేపటికి బారు తప్పి ఎటు పడితే అటు నడిచింది.

రేలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. గొంగడయ్య మూతి దగ్గర మూతి పెట్టి, తొందరపడకుండా, లోపలికంటా వాసన చూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"చెదపురుగుల కంపు" అంది.

గొంగడయ్య అక్కడే, అందరి ముందూ, బావురుమన్నాడు.

ఆ సాయంత్రమే సంఘాన్ని తిరగేశారు. పాత పెద్దలు నలుగురూ రోగులయ్యారు. గొంగడయ్యను అధ్యక్షుణ్ణి చేశారు. లాంగూలరావుగారు చాలా సంతోషించారు. రోజూ లేచి ఒప్పుకుంటున్నారు, రోజూ నేలదంపు అందుకుంటున్నారు. చేసిన తప్పులు అయిపోవడంతో ఈ మధ్య చేయనివి కూడా ఒప్పుకుంటున్నారని విన్నాను. చారమ్మ మాత్రం సభకు రావడం మానేసి, పిల్లల్ని వెంటేసుకుని ఒక్కో తొర్రా వెతుక్కుంటోంది. దొరికిన గింజ దొరికినట్టే పిల్లల నోట్లో పెడుతోంది. చేతిలో గింజ పడ్డప్పుడు ఇప్పటికీ వేళ్ళు బిగుసుకుంటాయట.

కొన్ని వారాలు గడిచాయి. ఒక తెల్లవారుజామున రేలమ్మకు మెలకువ వచ్చి చూస్తే పక్కన మొగుడు లేడు. కుంటుకుంటూ ఇప్పచెట్ల కిందికి పరుగెత్తింది, అక్కడ లేడు. ఏటి దగ్గర చూసింది, అక్కడా లేడు.

చెదపుట్ట దగ్గర కనబడ్డాడు. మెడలో నిన్నటి దండ ఉంది. పుట్టను తవ్వడం లేదు, తినడం లేదు. దాని ముందు నిటారుగా నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

"సోదర సోదరీమణులారా..."

"ఏమయ్యా" అంది రేలమ్మ వెనక నుంచి. "అలవాటైందా?"

గొంగడయ్య ఉలిక్కిపడి దండను చేత్తో పట్టుకున్నాడు. "అలవాటు కాదే. ప్రజాసేవ."

రేలమ్మ దగ్గరికి వచ్చి, అతని మెడలోని దండ తెంపి, నోట్లో పెట్టుకుని నమిలేసింది.

"పద" అంది.

"ఎక్కడికి?"

"ఏట్లోకి. ఇవాళ నేనూ దిగుతాను."

ఇద్దరూ పీకల్లోతు నీళ్ళలో పక్కపక్కన నిలబడ్డారు. చలికి గొంగడయ్య పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఆమె పళ్ళూ కొట్టుకున్నాయి. దూరాన సన్నాహక సభకు పిలుపు వినబడింది. అతని చెవులు అటు తిరిగాయి. రేలమ్మ గోళ్ళు లేని తన ముందుకాలిని అతని భుజం మీద వేసి, తన చిన్నప్పటి కబురేదో చెప్పడం మొదలుపెట్టింది. పొద్దెక్కేదాకా చెబుతూనే ఉంది.

ఈ కథలో అడవి నేర్చుకున్న నీతి ఇది: ఎదుటివాడి వ్యసనం మాన్పించడానికి బయలుదేరేముందు, మనదానికి ఒక మంచి పేరు పెట్టుకోవడం మరవకూడదు.